మా అమ్మాయికి వచ్చింది కరోనా కాదు

డాక్టరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. నిజం తెలియక చెప్పింది కాదు. తెలిసే చెప్పాను.

2020 నవంబరులో మా అమ్మాయి మేఘన పదకొండు రోజులు డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో ఉంది. అది కరోనా అనే మా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ కరోనాను మా ఇంట్లో గది తీసుకుని ఉన్న స్రవంతి అంటించిందని కూడా తెలుసు. రెండూ అబద్ధాలే. మొదటిదాన్ని నేను దిద్దలేదు. రెండోదాన్ని నేనే పుట్టించాను. మేఘన ఊపిరితిత్తులు దెబ్బతిన్నది వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్, పీల్చడం వల్ల. అప్పటికి దానికి పదహారేళ్లు. అది వేప్ పీలుస్తోందని ఆసుపత్రికి వెళ్లడానికి నెల ముందే నాకు తెలుసు.

ఇది రాయొద్దన్నవాళ్లు ఉన్నారు. "అయిపోయిందిగా, మళ్లీ తవ్వుకోవడం ఎందుకు?" అన్నారు. "ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి" అన్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. నా బిడ్డకు ఊపిరాడనప్పుడు పరువు వచ్చి ఆక్సిజన్ పెట్టలేదు. ఇందులో ఉన్నదంతా మేఘనకు చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపి, అలా జరగలేదని సరిచేసింది కూడా. అది ఒప్పుకున్నాకే అచ్చుకు పంపుతున్నాను.

2020 అక్టోబరు

మేం ఉండేది డబ్లిన్ శివార్లలో, ఆడమ్స్‌టౌన్‌లో. నాది ఒంగోలు. లెపర్డ్స్‌టౌన్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఏడాది మార్చి నుంచి భోజనాల బల్లే ఆఫీసు. నా భార్య సుజాత చిన్నపిల్లల క్రెష్‌లో పనిచేస్తుంది. మూడో గదిలో స్రవంతి ఉండేది. కరీంనగర్ అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతూ శని ఆదివారాలు ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆవిరి పట్టడం నిత్యపూజ. సాయంత్రమయ్యేసరికి సుజాత పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, పసుపు, వాము వేసి, వరసగా అందరినీ దుప్పటి కిందికి తోసేది. మేఘన దుప్పటి కింద దగ్గేది. "దగ్గనీయండి, కఫం కదులుతోంది" అని సంతోషపడేది సుజాత. పగలు ఒక ఆవిరి, సాయంత్రం ఒక ఆవిరి పీలుస్తోందని ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా స్రవంతి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను మైకు ఆపేదాకా ఆగింది.

"అంకుల్, ఒక మాట చెప్త, ఏమనుకోకున్రి. మేఘన వెనక షెడ్డు కాడ వేప్ తాగుతాంది. మూడు నాల్గు సార్లు చూసిన. ఆ దగ్గు గూడ దానితోనే అనిపిస్తాంది నాకు."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా మారి ఆ పిల్ల మీదికే వెళ్లింది.

"మా పిల్ల సంగతి మేం చూసుకుంటాంలేమ్మా. ఈ మాట ఇంకెక్కడా అనబాక."

"నేనెవరికి చెప్త అంకుల్? మీకే చెప్తున్న" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మేఘన స్కూలు జాకెట్ వెతికాను. దొరికింది. పుస్తకంలో గీతలు గీసుకునే హైలైటర్‌లా ఉంది. మామిడిపండు వాసన. దాన్ని చూపించి అడిగితే మేఘన పెద్దగా భయపడలేదు. మా అమ్మాయికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి పిల్లల యాసలో ఇంగ్లిష్‌లోనే వస్తుంది.

"ఇట్స్ ఓన్లీ ఫ్లేవర్, డాడ్. హాఫ్ మై ఇయర్ హాజ్ వన్." తన తరగతిలో సగంమంది దగ్గర ఉన్నాయట.

"ఎక్కడ కొన్నావు?"

"ఇన్ ద షాప్. నెక్స్ట్ టు ద చూయింగ్ గమ్."

చూయింగ్ గమ్ పక్కన పెట్టి అమ్ముతున్నారంటే పెద్ద ప్రమాదమేమీ అయ్యుండదు, అంత చెడ్డదైతే పిల్లలకు అమ్మనిస్తారా అనుకున్నాను. ఆవిరే కదా అని కూడా అనుకున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో నేను కాల్చిన సిగరెట్లు గుర్తొచ్చి మరీ తేలిగ్గా తీసుకున్నాను. "అమ్మకు చెప్పను, నువ్వు మానెయ్" అన్నాను. సరేనంది. దాన్ని తీసుకెళ్లి చెత్తలో పడేసి, మంచి తండ్రిననుకుంటూ వచ్చి కూర్చున్నాను. వారం తిరక్కుండా అది ఇంకోటి కొనుక్కుంది. ఒక స్నేహితురాలి దగ్గర లేబుల్ లేని ద్రవం కూడా తీసుకుని పీల్చింది. ఇవి నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నేను అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు.

2020 నవంబరు

సోమవారం జ్వరం వచ్చింది. వాంతులు, కడుపునొప్పి. మా జీపీ, అంటే ఇంటి డాక్టరు, ఫోన్లోనే విని కరోనా పరీక్షకు పంపాడు. లేదని వచ్చింది. "ఒక్కోసారి పట్టుకోలేదంట" అని మాలో మేమే చెప్పుకున్నాం. గురువారానికి మెట్లెక్కి పైకి వెళ్లలేక మధ్యలో కూర్చుండిపోయింది. బాగానే ఉన్నానన్నట్టు, ఇక్కడివాళ్లలా "ఐ'మ్ గ్రాండ్" అంటూనే ఉంది, ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకుంటూ. శుక్రవారం పొద్దున పెదవుల రంగు చూసి సుజాత అంబులెన్సుకు ఫోన్ చేసింది.

పదహారు నిండాయి కాబట్టి పిల్లల ఆసుపత్రి కాదు, పెద్దవాళ్ల ఆసుపత్రి. అంటురోగం రోజులు కాబట్టి మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మాకు వెయిటింగ్ రూమ్ అంటే కారే. సుజాతా నేనూ కారు పార్కింగులో ముందు సీట్లలో కూర్చుని, ఏ కిటికీ వెనక మా పిల్ల ఉందో ఊహించుకుంటూ గడిపాం. అద్దాలకు ఆవిరి పడితే తుడిచేవాళ్లం.

ఆ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అవతల హైమవతి గారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి వచ్చి ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్న డాక్టరు. మన తెలుగువాళ్ల సంబరాల్లో ఎన్నోసార్లు కలిసి భోజనం చేశాం. ఆమె గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. మనవాళ్లున్నారు, ఇంక భయం లేదనుకున్నాను.

"అన్నయ్య గారూ, కంగారుపడకండి, ఆక్సిజన్ పెట్టాం. కొన్ని ప్రశ్నలు అడగాలి. అందరినీ అడిగేవే, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తారా? పాపకు సిగరెట్, వేప్ లాంటి అలవాట్లేమైనా ఉన్నాయా?"

"ఛ, మా ఇంట్లో అలాంటివేం ఉండవమ్మా."

"నాకు తెలుసండీ. రాసుకోవాలి కాబట్టి అడిగాను."

ఇంగ్లిష్‌లో, ముక్కూముఖం తెలియని ఒక ఐరిష్ డాక్టరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. తెలుగులో అడిగారు కాబట్టి చెప్పలేకపోయాను. వచ్చే ఉగాదికి ఆమె పక్కన కూర్చుని పులిహోర తినాలి కదా. మేఘనను ఆమె అంతకుముందే మంచం దగ్గర అడిగారట. అదీ లేదనే చెప్పిందట, అమ్మ స్నేహితురాలైన ఆంటీ అడిగింది కాబట్టి. ఒకే ఇంటివాళ్లం, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే అబద్ధం చెప్పాం. మనలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు తెలుగు డాక్టరు నంబరు వెతుక్కుంటాం. వెతుక్కుని, ఆ డాక్టరు దగ్గరే దాచుకుంటాం.

శనివారం మన వాట్సాప్ గుంపులో ఒకాయన అడిగాడు. "అన్నా, పాపకు ఎలా ఉంది? కరోనా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?" నేను ఇలా టైపు చేశాను: "మా ఇంట్లో ఉండే అమ్మాయి నర్సింగ్ హోమ్‌లో చేస్తుంది కదా." అంతే. వాక్యం నేను పూర్తి చేయలేదు. గంటలో వాళ్లే పూర్తి చేసుకున్నారు.

ఆ రోజే ఇంటికి వెళ్లి స్రవంతిని గది ఖాళీ చేయమన్నాను. ఆమె తన పరీక్ష ఫలితం ఫోన్లో చూపించింది. ఏమీ లేదని ఉంది.

"నాకు లేదు అంకుల్. మేఘనకు గూడ లేదన్నరు గదా. మరి నేనెట్ల అంటిచ్చిన?"

"మీ ఆంటీ భయపడుతోందమ్మా. కొన్నాళ్లు వేరే చోట చూసుకో."

"వేప్ సంగతి డాక్టర్లకు చెప్పిన్రా?"

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. నేను పంపేస్తోంది కరోనా భయంతో కాదు. మేఘనా నేనూ కాక నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి. ఈ మాట ఆ తర్వాత ఏడాదిన్నర దాకా సుజాతకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరంతా తలుపులు మూసుకున్న నెలలో, రెండు సూట్‌కేసులతో ఆ పిల్ల డబ్లిన్ అవతల స్వోర్డ్స్‌లో అప్పటికే ఆరుగురున్న ఇంట్లోకి, హాల్లో పరుపు వేసుకుని ఉండటానికి వెళ్లింది. నేను కారులో దింపుతాననలేదు.

ఆదివారం మేఘన పరిస్థితి ఇంకా దిగజారింది. ప్రతి నిమిషం కనిపెట్టి చూసే వార్డుకు మార్చారు. గొట్టం వేసి మెషిన్ మీద పెట్టాల్సి రావచ్చని, సిద్ధంగా ఉండమని ఫోన్ చేశారు. అప్పుడైనా చెప్పానా? ఫోన్ చేతిలోనే ఉంది. చెప్పలేదు. ఇప్పుడు చెబితే మొదట్లో ఎందుకు చెప్పలేదంటారని ఆగిపోయాను. అబద్ధం ఒక రోజు పాతబడితే దాన్ని విప్పడం పదింతలు కష్టమవుతుందని అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున ఒక నర్సు మేఘన ముఖం తుడుస్తూ, తలకు జడ వేస్తోందట. యాభై దాటిన ఐరిష్ ఆవిడ. మేఘన ఆవిడకు తన ఫోన్ చూపించింది. అందులో స్రవంతి పంపిన మెసేజ్ ఉంది. మేఘన చదవగలిగేలా ఇంగ్లిష్‌లో రాసింది. "నీ మీద ఎవరూ కోప్పడరు. ఆ డాక్టరు ఆంటీకి చెప్పలేకపోతే నర్సుకు చెప్పు. నువ్వు పీల్చింది ఏంటో తెలిస్తేనే వాళ్లు సరైన మందు ఇవ్వగలరు. నువ్వు బతకాలి, మిగతావన్నీ తర్వాత." నేను ఇంట్లోంచి పంపేసిన మనిషి, ఆరుగురి మధ్య పరుపు మీద కూర్చుని రాసిన మెసేజ్ అది.

మేఘన చెప్పేసింది. నర్సు జడ పూర్తి చేసి, "గుడ్ గర్ల్" అని, నేరుగా డాక్టర్ల దగ్గరికి వెళ్లింది.

గంటలో హైమవతి గారు ఫోన్ చేశారు. ఫోన్ స్పీకరు మీద ఉంది, కారులో సుజాత పక్క సీట్లోనే ఉంది.

"అన్నయ్యా, పాప వేప్ వాడుతోందట. మీకు తెలుసా?"

"తెలుసు."

"శుక్రవారమే చెప్పి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి. సరే, నేనూ మనవాళ్లే కదా అని గట్టిగా అడగలేదు. ఇది వేప్ వల్లేనని నూటికి నూరుపాళ్లు చెప్పే పరీక్ష లేదు. మిగతావన్నీ కొట్టేస్తూ వస్తే మిగిలింది ఇదే. స్టెరాయిడ్ మొదలుపెడుతున్నాం."

ఫోన్ పెట్టేశాక సుజాత నన్ను తిట్టలేదు. కారు దిగి, వెనక తలుపు తీసి, వెనక సీట్లో కూర్చుంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నెల."

"నేను రోజూ దాన్ని దుప్పటి కింద పెట్టి పీల్చు పీల్చు అంటుంటే చూస్తూ కూర్చున్నావు."

మిగిలిన రోజులన్నీ ఆమె వెనక సీట్లోనే కూర్చుంది. ముందు సీట్లో నేనొక్కణ్ణే. పార్కింగు చూసుకునే ఒక ముసలాయన రోజూ రెండు కాగితపు కప్పుల్లో టీ తెచ్చి, ఒకటి ముందు కిటికీలోంచి, ఒకటి వెనక కిటికీలోంచి ఇచ్చేవాడు. ఒక్క ప్రశ్న అడగలేదు.

బుధవారానికి ఆక్సిజన్ తగ్గించారు. మెషిన్ అవసరం రాలేదు. పదకొండో రోజు మేఘన చక్రాల కుర్చీలో బయటికి వచ్చింది, సగమైపోయి.

2020 డిసెంబరు

పిల్ల ఇంట్లో పడుకున్నాక నాకు కోపం పట్టుకుంది. ముందు నా మీద, తర్వాత ఆ షాపు మీద. వెళ్లాను. నిజంగానే చూయింగ్ గమ్ పక్కన, పిల్లల చేతికందే ఎత్తులో రంగురంగుల డబ్బాలు. మామిడి, స్ట్రాబెర్రీ, బబుల్ గమ్.

"స్కూలు యూనిఫామ్‌లో వచ్చిన పిల్లకు అమ్మారు" అన్నాను.

కౌంటర్ దగ్గరున్నతను మర్యాదగానే మాట్లాడాడు. "సిగరెట్ అయితే ఐడీ అడుగుతాం సార్. వీటికి అడగాలని రూల్ లేదు."

నమ్మక గార్డుల స్టేషనుకు, అంటే ఇక్కడి పోలీస్ స్టేషనుకు, వెళ్లాను. అక్కడున్న గార్డా నేను చెప్పిందంతా మాస్కు వెనకనుంచి ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు. సిగరెట్ అయితే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పేవాడినని, పద్దెనిమిది నిండనివాళ్లకు వేప్ అమ్మకూడదని చట్టం ఇంకా రాలేదని అన్నాడు. తనకూ పదమూడేళ్ల కొడుకున్నాడని చెప్పి, వేప్ ప్రమాదాల గురించి నేను ఫోన్లో తెరిచి చూపించిన వెబ్‌సైట్ పేరు ఒక కాగితం మీద రాసుకున్నాడు.

చట్టం లేదు. చట్టం లేదు కాబట్టి తప్పు లేదు. అక్టోబరులో నేను అనుకున్నది అదే. షాపువాడికీ నాకూ తేడా ఏముంది?

2021

మేఘన మళ్లీ ఒక్క విడతలో మెట్లెక్కడానికి మార్చి దాకా పట్టింది. స్కూళ్లు మూసేసి ఉండటంతో ఎవరికీ మొహం చూపించే పని లేకపోయింది. నికోటిన్ మానడం జబ్బుకంటే కష్టమనేది. అరిచేది, తలుపులు విసిరేది, తర్వాత వచ్చి నా భుజం మీద తల పెట్టేది. "ఐ హేట్ దట్ ఐ వాంట్ ఇట్" అంది ఒకసారి. ఆ మాటకు తెలుగులో ఓదార్పు నాకు దొరకలేదు. పక్కన కూర్చున్నాను.

ఆ ఏడాదంతా మా ఏరియా టీడీలకు, అంటే ఇక్కడి పార్లమెంటు సభ్యులకు, ఉత్తరాలు రాశాను. వచ్చిన జవాబులన్నీ ఒకేలా ఉండేవి, బిల్లు తయారవుతోందని. 2023 చివరికి గానీ ఆ చట్టం అమల్లోకి రాలేదు. ఇప్పుడు పద్దెనిమిది నిండనివాళ్లకు వేప్ అమ్మితే నేరం. ఆ నేరం అమ్మినవాడిది, కొన్న పిల్లది కాదు. తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. పిల్ల జేబులో ఆ వస్తువు దొరికితే మనం దాచాల్సిన నేరమేమీ జరగలేదు. డాక్టరు అడిగితే చెప్పండి. అడగకపోయినా చెప్పండి. తెలుగులో అడిగితే మరీ చెప్పండి.

ఉత్తరాలు రాయడం సులువే. స్రవంతికి ఒక్క ఫోన్ చేయడం నా వల్ల కాలేదు. ఆమెకు గది ఇవ్వడానికి మనవాళ్లలో ముగ్గురు ఒప్పుకుని, తర్వాత వద్దన్నారని విన్నాను. "ఆ కరోనా అమ్మాయా?" అన్నారట. విని ఊరుకున్నాను.

2022

మాస్కులు తీసేసిన మార్చి నెలలో స్వోర్డ్స్ వెళ్లాను. చివరికి ఫోన్ చేస్తే, బస్టాపు దగ్గర కలుద్దామంది స్రవంతి. చదువు అయిపోయి ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. కొంచెం సన్నబడింది.

"తప్పు చేశానమ్మా" అన్నాను.

"ఎర్కే అంకుల్. మేఘన చెప్పింది. మేమిద్దరం మాట్లాడుకుంటనే ఉన్నం, మీకెర్కలేదు."

"నన్ను క్షమించు."

"నాకు ఒక్కదానికి చెప్తే ఏమొస్తది? ఆ మాట విన్నోళ్లు రెండొందల మంది. వాళ్ల ముంగట చెప్పున్రి, అప్పుడు చూద్దం" అంది. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "టీ అన్న తాగిపియ్యలేదు, మంచిగున్నరు అంకుల్" అంది, నవ్వో కాదో తెలియకుండా.

ఆ ఏప్రిల్‌లో రెండేళ్ల తర్వాత మళ్లీ అందరం ఉగాదికి ఒక స్కూలు హాల్లో కలిశాం. బయల్దేరే ముందు మేఘనను అడిగాను, నీ సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని. "సే మై నేమ్, డాడ్. డోంట్ సే మై డాటర్ లైక్ ఇట్స్ ఎ సీక్రెట్" అంది. సుజాత వచ్చి కారులో ముందు సీట్లో కూర్చుంది.

పంచాంగం చదవడం అయ్యాక రెండు నిమిషాలు మైకు అడిగాను. చందాల గురించి మాట్లాడతాననుకుని ఇచ్చారు. హైమవతి గారు మొదటి వరసలో ఉన్నారు. పిలిచినప్పుడు స్రవంతి వస్తాననలేదు, వచ్చింది. వెనక తలుపు దగ్గర, కోటు కూడా విప్పకుండా నిలబడింది.

వేప్ అన్న మాట వినబడగానే నిర్వాహకుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, పండగ పూట ఇప్పుడెందుకు? పిల్లల డాన్సులున్నాయి."

"పిల్లల కోసమేనయ్యా. ఆ చెయ్యి తియ్."

తీశాడు. నేను మైకు వదల్లేదు. ఆ రోజు ఆ హాల్లో లేనివాళ్ల కోసం, ఉండి కూడా మరిచిపోయినవాళ్ల కోసం అక్కడ నేనన్న మాటలు ఇవి:

"మా మేఘనకు వచ్చింది కరోనా కాదు. వేప్ వల్ల ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాకు తెలుసు, డాక్టరు గారు అడిగితే లేదన్నాను. నెల ముందే నాకు ఆ సంగతి చెప్పింది స్రవంతి. నేను నోరు మూసుకుంటే నా బిడ్డ చేత నిజం చెప్పించిందీ స్రవంతే. ఆమె మా ఇంటికి ఏ జబ్బూ తేలేదు. ఆమె అంటించిందన్న మాట పుట్టించింది నేను. నిజం ఆమెకు తెలుసు కాబట్టి ఇంట్లోంచి పంపేసింది నేను. ఆ మాట నమ్మి ఆమెకు గది ఇవ్వనివాళ్లు ఇక్కడున్నారు, వాళ్లను కాదు, నన్ను అనండి. స్రవంతీ, నువ్వు నా బిడ్డకు ఊపిరి నిలబెట్టావు, నేను నీకు నిలువ నీడ లేకుండా చేశాను. అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించమ్మా. క్షమించకపోయినా నీ తప్పు లేదు."